పీడీపీ-8 కోసం సొంతంగా ఓఎస్, ఫైల్ సిస్టమ్ డిజైన్ చేసుకోవడం ఎలా

పాత మినీకంప్యూటర్‌కి ఓఎస్ రాద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది కమాండ్లు ఎలా ఉండాలి, డైరెక్టరీ లిస్టింగ్ ఎలా కనపడాలి అని మొదలుపెడతారు, అక్కడ మొదలుపెట్టొద్దు. మెమరీలో ఎప్పుడూ కదలకుండా ఏం ఉండాలి, ఏది డిస్క్ మీద పడుండి పిలిచినప్పుడే రావాలి, ముందు ఇది తేల్చుకోండి. ఇది తేలితే సగం డిజైన్ అయిపోయినట్టే.

నేను పీడీపీ-8 ని తీసుకుని చెప్తా. 1965లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ వాళ్లు తెచ్చిన మెషీన్ ఇది, దీనికి తర్వాత వచ్చిన ఓఎస్/8 అంత పొదుపైన సిస్టమ్ నేనింకోటి చూడలేదు, అందుకే అడుగడుగునా దాన్నే చూపిస్తా. మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన టీడీసీ-12 కూడా 12 బిట్ల మెషీనే, అన్నీ 12 బిట్లలో ఇరికించాలనే తిప్పలు దానికీ ఉన్నవే. మెషీన్ లేకపోయినా పర్లేదు, పాత మెషీన్లని మన కంప్యూటర్‌లో అనుకరించే సిమ్‌హెచ్ ఎమ్యులేటర్‌లో ఇదంతా చేయొచ్చు.

మెషీన్ సంగతి రెండు ముక్కల్లో: వర్డ్ అంటే 12 బిట్లు, ఫీల్డ్ అంటే 4096 వర్డ్లు, అందులో 128 వర్డ్ల పేజీలు 32. స్టాక్ (రిటర్న్ అడ్రస్‌లు, ఆర్గ్యుమెంట్లు ఒకదానిమీద ఒకటి పేర్చుకునే జాగా) లేదు. జేఎంఎస్ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో సబ్‌రొటీన్‌ని పిలిస్తే రిటర్న్ అడ్రస్ ఆ సబ్‌రొటీన్ మొదటి వర్డ్‌లోనే పడుతుంది, కాబట్టి రికర్షన్ (సబ్‌రొటీన్ తనని తనే పిలుచుకోవడం) ఆశ వదులుకోండి.

ఇప్పుడు మెమరీ. ఓఎస్/8 కి 8కె, అంటే రెండు ఫీల్డ్‌లు ఉండాలి, అందులో పర్మనెంట్‌గా తీసుకునేది ఫీల్డ్ 0 లో చివరి పేజీ, ఫీల్డ్ 1 లో చివరి పేజీ, అంటే మొత్తం 256 వర్డ్లే! సిస్టమ్ డిస్క్ హ్యాండ్లర్, అంటే ఆ డిస్క్‌తో చదివే రాసే పని చేసే రొటీన్, అందులోనే. ఫైల్ వెతకడం, కొత్త ఫైల్ తెరవడం, మూయడం లాంటి పనులన్నీ చేసే రొటీన్ డిస్క్ మీద ఉంటుంది, ప్రోగ్రామ్ పిలిచినప్పుడు ఫీల్డ్ 1 లో మొదటి 1024 వర్డ్లని డిస్క్ మీద దాచేసి ఆ జాగాలోకి ఈ రొటీన్‌ని తెచ్చి పని చేయించి మళ్లీ పాతవి పాతచోట పెట్టేస్తారు. మీరూ ఇలాగే చేయండి, కాకపోతే టేప్ మీద నడిపితే ప్రతి పిలుపుకీ టేప్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ చంపేస్తుంది, అందుకని "ఆ 1024 వర్డ్లు నాకు అక్కర్లేదు, రొటీన్‌ని అక్కడే ఉంచేయ్" అని ప్రోగ్రామ్ చెప్పుకునే వీలు కూడా ఒకటి పెట్టండి. ఓఎస్/8 లో ఇది ఉంది, టేప్ వాడేవాళ్లకి ప్రాణం పోసేది ఇదే.

తర్వాత డివైస్ హ్యాండ్లర్. టేప్ అయినా డిస్క్ అయినా పేపర్ టేప్ అయినా పిలిచే పద్ధతి ఒక్కటే ఉండాలి, ఇందులో రాజీ పడొద్దు. స్టాక్ లేదు కాబట్టి ఆర్గ్యుమెంట్లు జేఎంఎస్ వెనకాలే వరసగా పెట్టాలి: మొదటి వర్డ్‌లో రీడా రైటా, ఎన్ని పేజీలు, బఫర్ ఏ ఫీల్డ్‌లో ఉంది అనేవి, రెండోదాంట్లో బఫర్ అడ్రస్, మూడోదాంట్లో బ్లాక్ (డిస్క్‌ని లేదా టేప్‌ని సమానంగా విడగొట్టిన ముక్క) నంబర్. నాలుగోది ఎర్రర్ వస్తే తిరిగొచ్చే చోటు, ఐదోది అంతా బాగుంటే వచ్చే చోటు. హ్యాండ్లర్ ఒక్కో ఆర్గ్యుమెంట్ తీసుకుంటూ రిటర్న్ అడ్రస్‌ని ఒకటి పెంచుకుంటూ పోతుంది. బ్లాక్ సైజు 256 వర్డ్లు పెట్టుకోండి, సరిగ్గా రెండు పేజీలు. ఆర్‌కె05 డిస్క్‌కి సెక్టార్ కూడా 256 వర్డ్లే, డిజిటల్ వాళ్ల టేప్ అయిన డెక్‌టేప్‌లో బ్లాక్ 129 వర్డ్లు కాబట్టి రెండు బ్లాకులు కలిపి ఒక్కోదాంట్లో 128 చొప్పున వాడుకోవాలి, ఒక్కో వర్డ్ వేస్ట్ అయినా పర్లేదు.

ఇక అసలు విషయం, డైరెక్టరీ. ఫైల్‌ని ముక్కలు ముక్కలుగా చల్లొద్దు, మొత్తం ఒకేచోట వరసగా ఉండనివ్వండి. ముక్కలు చేస్తే ఏ ముక్క ఎక్కడుందో గుర్తుంచుకునే టేబుల్‌కి మెమరీ ఎక్కడి నుంచి తెస్తారు? ఓఎస్/8 ఎంట్రీ చూడండి: పేరు 6 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్ 2 అక్షరాలు, ఒక్కో వర్డ్‌లో రెండేసి అక్షరాలు ఇరికిస్తే 4 వర్డ్లు, డేట్‌కి ఒకటి, సైజుకి ఒకటి, మొత్తం 6. ఫైల్ ఎక్కడ మొదలవుతుందో ఎంట్రీలో ఎక్కడా లేదు! డైరెక్టరీని సెగ్మెంట్లనే భాగాలుగా పెడతారు, ఒక్కో సెగ్మెంట్ మొదట్లో ఉండే హెడర్‌లో మొదటి ఫైల్ ఏ బ్లాక్‌లో ఉందో ఉంటుంది, అక్కడి నుంచి సైజులు కూడుకుంటూ వస్తే మీకు కావాల్సిన ఫైల్ దొరుకుతుంది. ఖాళీ జాగాకి కూడా ఎంట్రీ ఉండాలి, మొదటి వర్డ్ సున్నా, రెండోది సైజు. సైజులు నెగటివ్‌లో రాస్తారు, ఎందుకంటే ఈ మెషీన్‌లో ఒకటి పెంచి సున్నా అయితే స్కిప్ చేసే ఇన్‌స్ట్రక్షన్ ఉంది గానీ తగ్గించేది లేదు. సెగ్మెంట్ 256 వర్డ్లు, హెడర్ 5 తీసేస్తే ఒక్కోదాంట్లో 40 ఫైళ్ల దాకా పడతాయి, ఆరు సెగ్మెంట్లకి 240, ఆ మెషీన్‌కి ఇది చాలా ఎక్కువే.

కొత్త ఫైల్ రాసేటప్పుడు దాని సైజు ముందే తెలీదు కదా, అప్పుడు అన్నిటికంటే పెద్ద ఖాళీని ఇచ్చి టెంటేటివ్ (తాత్కాలికం) అని గుర్తు పెట్టండి, సైజు తెలిస్తే సరిపోయే వాటిలో చిన్నది ఇవ్వండి. క్లోజ్ చేసినప్పుడే ఫైల్ నిజమవుతుంది, అదే పేరుతో ఉన్న పాత ఫైల్ కూడా అప్పుడే పోవాలి. మధ్యలో ప్రోగ్రామ్ చచ్చిపోయినా పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది, ఇంత తక్కువ కోడ్‌తో ఇంత సేఫ్టీ రావడం నాకైతే చాలా నచ్చుతుంది. దీనికి ఒక షరతు ఉంది, ఒక డివైస్ మీద ఒక టైమ్‌లో ఒక్క టెంటేటివ్ ఫైలే.

ఇలా వాడుతూపోతే చిన్న చిన్న ఖాళీలు మిగిలిపోతాయి, ఫైళ్లన్నీ ముందుకి జరిపే కమాండ్ ఒకటి రాసుకోవాలి. అదే డిస్క్ మీద జరపొద్దు, కరెంట్ పోతే డైరెక్టరీ ఒకటి చెప్తుంది బ్లాకుల్లో ఇంకోటి ఉంటుంది. ఇంకో టేప్ మీదకి కాపీ చేసుకోవడం నయం.

టెక్స్ట్‌ని మూడు అక్షరాలు రెండు వర్డ్లలో పెట్టండి: మొదటి రెండు అక్షరాలు ఒక్కో వర్డ్‌లో కింది 8 బిట్లలో, మూడోదాన్ని విరగ్గొట్టి రెండు వర్డ్ల పై 4 బిట్లలో. బ్లాక్‌కి 384 అక్షరాలు వస్తాయి. డేట్‌లో మాత్రం ఓఎస్/8 ని కాపీ కొట్టొద్దు, నెలకి 4, రోజుకి 5, సంవత్సరానికి 3 బిట్లే మిగిలాయి, 1970 నుంచి లెక్కేసి 1977తో అయిపోయింది. ఇంకో వర్డ్ ఇచ్చేయండి.

బూట్ (మెషీన్ ఆన్ చేశాక ఓఎస్‌ని మెమరీలోకి తెచ్చే పని) చివర్లో చేయండి. ఆర్‌కె05 కి ప్యానెల్ స్విచ్‌లతో ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే అంకెలు) లొకేషన్ 30లో 6743, 31లో 5031 వేసి స్టార్ట్ చేస్తే చాలు: మొదటిది డిస్క్ రీడ్ మొదలుపెడుతుంది, రెండోది తన దగ్గరికే తను జంప్ చేస్తూ కూర్చుంటుంది, డిస్క్ నుంచి వచ్చే డేటా లొకేషన్ 31 మీద పడగానే కంట్రోల్ మీ కోడ్‌కి వచ్చేస్తుంది. అప్పటికి బ్లాక్‌లో మిగతా వర్డ్లు ఇంకా వస్తూనే ఉంటాయి, కాబట్టి మీ బూట్ బ్లాక్‌లో 31వ చోట రీడ్ పూర్తయ్యేదాకా ఆగే ఇన్‌స్ట్రక్షన్ ఉండేలా చూసుకోండి.