రుమేనియా ఏకీకరణను తరగతిలో బోధించే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప డిగ్రీ కళాశాలల్లో ఐరోపా చరిత్ర చెప్పేవారికి ఇటలీ, జర్మనీల ఏకీకరణ కంఠోపాఠమే. రుమేనియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టడం పరిపాటి. ఒక్క పీరియడ్ కేటాయిస్తే, యుద్ధరంగంలో కాక శాసనసభల్లో మొదలైన ఒక రాజ్యాన్ని విద్యార్థులకు చూపించవచ్చు.

ముందుగా నల్లబల్లపై పటం గీయండి. దక్షిణాన డాన్యూబ్, తూర్పున ప్రూట్, నడుమ వంపు తిరిగిన కార్పేతియన్ పర్వతాలు ఉంటే చాలు. పర్వతాలకు దక్షిణాన వలేకియా, తూర్పున మోల్దావియా (తర్వాత కలిసి రుమేనియా అయిన రెండు సంస్థానాలు ఇవే), రెంటికీ సరిహద్దుగా మిల్కోవ్ అనే చిన్న నది, ఆ సరిహద్దు మీదే ఫోక్షాని పట్టణం. పర్వతాలకు ఆవల ఉన్న ట్రాన్సిల్వేనియా అప్పటికి ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది కనుక దాన్ని ఖాళీగా వదలండి. 1918 నాటి విలీనాన్ని ఇప్పుడే తెస్తే పాఠం చెదిరిపోతుంది.

క్రిమియన్ యుద్ధంలో ఓడిన రష్యా, 1856 పారిస్ సంధితో వలేకియా, మోల్దావియా సంస్థానాలపై సంరక్షణాధికారాన్ని కోల్పోయింది. తుర్కుల ఒట్టోమన్ సుల్తాను ఆధిపత్యం మిగిలినా, అగ్రరాజ్యాల ఉమ్మడి హామీ తోడైంది. ఏకీకరణను ఫ్రాన్స్ సమర్థించగా ఆస్ట్రియా, తుర్కులు వ్యతిరేకించారు. 1857లో మోల్దావియా ఎన్నికల్లో అక్రమాలు బయటపడి, వాటిని రద్దు చేసి మళ్లీ జరపవలసి వచ్చింది. రిగ్గింగ్ అంటే ఏమిటో మన విద్యార్థులకు వివరించనక్కరలేదు.

ఈ సంస్థానాల పాలనపై అగ్రరాజ్యాలు చేసుకున్న 1858 ఆగస్టు ఒప్పందం వద్ద తొందరపడవద్దు. ఇద్దరు ప్రభువులు, రెండు శాసనసభలు, ఫోక్షానిలో ఒక కేంద్ర సంఘం అన్న నిబంధనలను బల్లపై రాసి, లొసుగు ఎక్కడుందో చెప్పమని అడిగి కాసేపు ఆగండి. ఇద్దరు ప్రభువులూ వేర్వేరు మనుషులై ఉండాలని అందులో ఎక్కడా లేదు. 1859 జనవరి 5న మోల్దావియా, 24న వలేకియా ఒకే వ్యక్తిని, కల్నల్ అలెగ్జాండ్రు యువాన్ కూజాను, ఎన్నుకున్నాయి. ఇవి జూలియన్ కాలెండర్ తేదీలనీ, 12 రోజులు కలిపితే జనవరి 17, ఫిబ్రవరి 5 అవుతాయనీ అప్పుడే చెప్పండి. లేకపోతే రెండు పుస్తకాలు చదివిన విద్యార్థి తికమకపడతాడు.

1862లో ఉమ్మడి శాసనసభ బుకారెస్టులో కొలువుదీరడంతో మోల్దావియా రాజధాని యాషి ఆ హోదా కోల్పోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయి, 1956లో ఆ గౌరవాన్ని హైదరాబాదుకు వదులుకున్న కర్నూలులో యాషి బాధను వేరుగా చెప్పాలా? అయితే పోలికను అక్కడే ఆపాలి. మనది స్వతంత్ర దేశంలో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ, వారిది సుల్తానుకు లోబడిన సంస్థానాల కలయిక.

1863లో మఠాల భూములను రాజ్యపరం చేయడం, 1864లో రైతులకు భూములివ్వడం కూజాకు శత్రువులను పెంచాయి. 1866 ఫిబ్రవరిలో ఆయనను గద్దె దింపారు. ఇక్కడొక చిక్కు ఉంది: సుల్తాను ఏకీకరణను అంగీకరించింది కూజా పాలన ఉన్నంతవరకే. అందుకే హడావిడిగా జర్మన్ రాజవంశమైన హొహెన్‌జోలర్న్‌కు చెందిన కారోల్‌ను పిలిపించారు. ఆయన మారుపేరుతో ఆస్ట్రియా మీదుగా రైలులో వచ్చాడు. ఆ ఏటి రాజ్యాంగానికి 1831 నాటి బెల్జియం రాజ్యాంగం నమూనా.

1877 స్వాతంత్ర్య ప్రకటనను, 1881లో రాజ్యంగా మారడాన్ని క్లుప్తంగా చెప్పి, మిగిలింది ఇంటిపనికి వదలండి. రష్యా పక్షాన పోరాడిన రుమేనియా, 1878 బెర్లిన్ సంధిలో దక్షిణ బెస్సరేబియాను ఆ రష్యాకే ఇచ్చి ఉత్తర దోబ్రుజాను ఎందుకు తీసుకోవలసి వచ్చిందో రాసి తెమ్మనండి. ఆ రెండు ప్రాంతాలను పటంలో గుర్తించని జవాబుకు పూర్తి మార్కులు వేయవద్దు.