హార్డ్ డిస్క్‌లో దాచిన ఫైలుకు రెండో కాపీ ఉందా?

కంప్యూటర్‌లో చోటు చాలడం లేదని ఫోటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కట్ చేసి పేస్ట్ చేసి, బ్యాకప్ అయిపోయిందని నిశ్చింతగా ఉండేవారు చాలామంది ఉన్నారు. అలా చేస్తే ఫైలు చోటు మారుతుందే తప్ప రెండో కాపీ ఏర్పడదు. మా నాన్నగారి షష్టిపూర్తి వీడియోను నేనూ అలాగే ఒకే డిస్క్‌లో ఉంచాను. అది నడుస్తుండగా బల్ల మీది నుంచి జారిపడింది. మళ్లీ తగిలిస్తే టక్ టక్ మన్న చప్పుడు వచ్చింది గాని ఫోల్డర్ ఒక్కటీ కనిపించలేదు. ఇలాంటి చాలా డిస్క్‌లలో నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం మీద, వెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ ఎత్తులో, సమాచారాన్ని చదివి రాసే హెడ్ కదులుతుంటుంది కనుక, నడిచే డిస్క్‌ను చేత్తో ఎత్తడం కూడా మంచిది కాదు.

మీ ఫైళ్ల మొత్తం పరిమాణానికి కనీసం రెట్టింపు ఉన్న డిస్క్‌ను కొనండి. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తే మోసపోయామని అనుకోనక్కరలేదు. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించడమే అందుకు కారణం. డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫార్మాట్ అంటారు. విండోస్ ఒక్కటే వాడేవారికి ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్ కూడా ఉన్నవారికి ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ అనుకూలం. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు కాబట్టి పెళ్లి వీడియోల వంటివి అక్కడే ఆగిపోతాయి. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది గనుక ఆ పని కొన్నరోజే చేసుకోవాలి.

మొదటిసారి కాపీ చేయడానికి గంటలు పట్టవచ్చు. పూర్తయ్యాక రెండు చోట్లా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో లేదో చూడండి. ఆపైన కంట్రోల్ ప్యానెల్‌లోని ఫైల్ హిస్టరీని ఆన్ చేస్తే, డిస్క్ తగిలించి ఉన్నంతసేపూ గంటకొకసారి మారిన ఫైళ్లను అదే దాచుతుంది. అయితే అది డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి వాటినే చూస్తుంది. డీ డ్రైవ్‌లో సొంత ఫోల్డర్ పెట్టుకున్నవారు దానిని విండోస్‌లో ఫోల్డర్లను ఒకచోట చూపే ఏదైనా లైబ్రరీలో చేర్చకపోతే ఆ ఫోల్డర్‌కు కాపీ ఉండదు. చాలామంది తప్పిపోయేది ఇక్కడే.

పని ముగిశాక ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చన్న సందేశం వచ్చాకే కేబుల్ లాగి, డిస్క్‌ను బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ చొరబడినప్పుడు కంప్యూటర్‌తో పాటు బ్యాకప్ కూడా పోతుంది.

ముఖ్యమైన వాటికి రెండో డిస్క్ కూడా ఉండాలి, అది వేరే ఇంట్లో ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చినట్లు వస్తే, కంప్యూటరూ డిస్కూ ఒకే గదిలో ఉన్నప్పుడు రెండూ ఒకేసారి తడుస్తాయి. ఆ డిస్క్‌ను అక్కగారింట్లోనో ఆఫీసు సొరుగులోనో ఉంచి, పండగకు వెళ్లినప్పుడల్లా తెచ్చి కొత్త ఫైళ్లు చేర్చి తిరిగి ఇవ్వవచ్చు. ఆధార్, బ్యాంకు పత్రాలు అందులో ఉంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేనట్లు ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ పాస్‌వర్డ్‌ను ఇంట్లో కాగితం మీద రాసిపెట్టుకోండి.

మూడు నెలలకొకసారి డిస్క్ నుంచి నాలుగైదు ఫైళ్లు కంప్యూటర్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. వీడియోను మొదటి నిమిషంతో సరిపెట్టక చివరిదాకా జరిపి చూడాలి. ఒక్క ఫైలు తెరుచుకోకపోయినా, ఆ రోజే కొత్త డిస్క్ తెచ్చి కంప్యూటర్‌లోని అసలు ఫైళ్లను దానిలోకి కాపీ చేయండి.