పాత గుడి మరమ్మతుకు ముందు ఈ జాగ్రత్తలు

జీర్ణోద్ధరణ అనగానే చందాలు, మేస్త్రీ, ముహూర్తం చూసుకుంటాం. వాటికంటే ముందు ఇవి చూడండి.

- గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉందేమో కనుక్కోండి. ఉంటే అనుమతి లేకుండా రాయి కూడా కదపకూడదు.

- ప్రతి గోడ, స్తంభం, గడప ఫొటో తీసి పెట్టుకోండి. విప్పే రాళ్లకు ముందే నంబర్లు వేయండి.

- సిమెంటు వద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన సున్నం) గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి ఉండదు. ఉప్పు పేరుకుని పాత ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైపూత నున్నగా ఉందని మనం మురిసిపోతుంటాం, వెనక గోడ చచ్చిపోతుంటుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఊతం పెట్టి ఆగండి.

- శుభ్రం చేయడానికి శాండ్ బ్లాస్టింగ్ (ఇసుకను వేగంగా రాయిమీద చిమ్మడం) చేయించొద్దు. శిల్పాల వేళ్లు, నగల గీతలు అరిగిపోతాయి. ఎనామిల్ రంగూ అంతే. శాసనం మీద నాలుగు పూతలు పడ్డాక వేలితో తడిమినా అక్షరం తగలదు.

- కారుతోందని పైన కాంక్రీటు స్లాబు వేయించే ముందు, ఆ బరువు మోయగలదా అని ఇంజనీరుకు పునాది చూపించండి. 1213 నాటి రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపారు, గర్భగుడి పైనుండే విమాన గోపురాన్ని తేలికైన ఇటుకలతో కట్టారు. మీ గుడి కట్టినవాళ్లకూ ఒక లెక్క ఉండే ఉంటుంది.

- విగ్రహానికి విరిగిన చెయ్యి ఎలా ఉండేదో ఆధారం లేకపోతే ఊహించి చెక్కించొద్దు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని పాత కట్టడాల పరిరక్షణకు రాసుకున్న అంతర్జాతీయ నియమావళి, 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతోంది. కొత్తగా పెట్టిన రాయి కొత్తదని దగ్గరికెళ్తే తెలియాలి.