ఏడో పాఠం: షాఫ్టుకి చాంఫర్లు ఎన్ని?

పోయిన డ్రాయింగు పాఠంలో గీయమన్న ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) షాఫ్టు దాదాపు అందరి చేతుల్లోనూ ఒకేచోట బోల్తా పడింది. గీతలు బాగున్నాయి, పొడవులు సరిపోయాయి. రెండు కొసల చాంఫర్ల (అంచుని ఏటవాలుగా చెక్కిన చోట్ల) దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘4ఎక్స్ 1 × 45°’, అంటే అలాంటి చెక్కులు నాలుగు, అని రాసేశారు. అందుకే ఈసారి చెప్పాల్సిన వెల్డింగ్ గుర్తుల్ని పక్కనపెట్టి, ఈ లెక్క తేల్చుకుందాం. ఇక్కడ ఎక్స్, ఆర్ అని రాసినచోటల్లా మీ డ్రాయింగులో ఇంగ్లీషు పెద్దక్షరం కొట్టాలి, అది మీకు తెలిసిందే.

షాఫ్టు మళ్లీ ఒకసారి. మధ్యభాగం 38 మి.మీ. వ్యాసం. 6206 నంబరు బేరింగులు కూర్చోడానికి రెండు కొసల్నీ 30కి తగ్గించాం. కొసలకి 1 × 45° చాంఫర్. 38 నుంచి 30కి దిగే మెట్టే షోల్డర్, ఆ 38 షోల్డర్ అంచుకి 0.5 × 45°. 30 వ్యాసం షోల్డర్‌ని తాకే లోపలి మూలలో ఆర్0.8 ఫిల్లెట్, అంటే 0.8 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రం చేసిన మూల.

ముందువైపు వ్యూ చూడండి. ఎడమ కొసన పైన ఒక ఏటవాలు గీత, కింద ఇంకోటి. కుడి కొసనా అంతే. కంటికి నాలుగు కనిపిస్తాయి, అక్కడే పప్పులో కాలేస్తారు. లేతు మీద ముక్క తిరుగుతుంటే టర్నర్ టూలు ఒక్కసారి ఆనిస్తాడు, పైగీతా కిందిగీతా ఒకే దెబ్బకి పుడతాయి. అది కొస చుట్టూ తిరిగిన ఒకే చెక్కు. పడవ గడకర్ర కొసని చుట్టూ చెక్కి, పక్కనుంచి చూసి రెండు చెక్కులున్నాయని అంటామా? కొసకి ఒకటి, రెండు కొసలకి రెండు: ‘2ఎక్స్ 1 × 45°’. షోల్డర్ అంచులూ రెండే, ఫిల్లెట్లూ రెండే. గీతల్లో నాలుగేసి కనిపించే మూడు రకాలకీ 2ఎక్స్ అనే రాయాలి.

‘నాలుగని రాస్తే మాత్రం కొంప మునుగుతుందా, టర్నర్‌కి తెలీదా’ అనుకోకండి. భీమవరంలోనో రావులపాలెంలోనో లేతు షాపులో కాగితం చూసినవాడికి కొసలు రెండే కనపడతాయి. మిగతా రెండు ఎక్కడని వెతుకుతాడు. షోల్డర్ అంచులు దొరుకుతాయి, వాటికీ 1 మి.మీ. కొట్టేస్తాడు. 38 కాస్తా ఆ ముఖం దగ్గర 36 అవుతుంది. 6206 లోపలి రింగు ఆనుకోవాలంటే షోల్డర్ కనీసం 35.6 ఉండాలి. మిగిలింది 0.4. చేతివాటం కాస్త ఎక్కువైతే ఆ మిగులూ పోయి, బేరింగుకి సరైన ఆనిక ఉండదు. 0.5 రాసింది అందుకే.

ఫిల్లెట్ 0.8 ఎందుకో కూడా ఇక్కడే చూసుకోండి. 6206 మూల చాంఫర్ కనీసం 1 మి.మీ. షాఫ్టు ఫిల్లెట్ అంతకంటే పెద్దదైతే బేరింగు మూల ఫిల్లెట్ మీదికెక్కి ఆగిపోతుంది, ముఖం షోల్డర్‌ని తాకదు.

బేస్ ప్లేటు సంగతి వేరు. 200 × 100 ప్లేటుకి నాలుగు మూలలూ ఆర్10 అంటే నాలుగు వేర్వేరు అంచులు, మిల్లింగులో ఒక్కొక్కటీ విడిగా తిప్పాలి. అక్కడ ‘4ఎక్స్ ఆర్10’ సరైనదే. ప్లేటుని సగమే గీసి మధ్యలో సెంటర్ లైన్ వేసినా 4ఎక్స్ అనే రాయాలి. అంకె ముక్కకి సంబంధించింది, వ్యూకి కాదు. ‘టిపికల్’ (ఇలాంటివన్నీ ఇంతే) అన్న మాట నా దగ్గర చెల్లదు. ఎన్నో చెప్పని మాట రాసి లాభమేంటి?

రాత పద్ధతి: అంకె, దానికి అంటుకుని ఎక్స్, తర్వాత ఒక ఖాళీ, ఆపైన కొలత. ఒక రకానికి ఒకే లీడరు (రాత నుంచి ముక్క మీదికి చూపే బాణం గీత), ఒకే చోట.

1 × 45°లో ఆ 1 ఏటవాలు ముఖం వెడల్పు కాదు, షాఫ్టు పొడవు వెంట ఉన్న భుజం. ముఖం 1.41 వస్తుంది. వెర్నియర్‌తో ఆ ముఖాన్ని పట్టి ‘ఎక్కువొచ్చింది’ అనకుండా కొస వ్యాసం చూడండి, 28 ఉండాలి. ఇలా నోటులా రాసేయడం 45°కి మాత్రమే. అమెరికా డ్రాయింగు ప్రమాణం ఏఎస్ఎంఈ వై14.5 కూడా అదే చెబుతుంది, ఎందుకంటే 45°లో రెండు భుజాలూ సమానం. ‘2 × 30°’ అని లీడరు మీద రాస్తే, అక్షంతో 30° అనుకున్నా, 2 పొడవు వెంటైతే లోతు 1.15 వస్తుంది. అదే 2 లోతు వైపైతే పొడవు 3.46 అవుతుంది. రెండూ వేర్వేరు ముక్కలు. అక్కడ పొడవు, కోణం విడివిడిగా గీసి చూపాల్సిందే.

ఇక ఆటోక్యాడ్‌లో. రేడియస్ డైమెన్షన్ పెట్టాక చాలామంది పాత రాత చెరిపి ‘4ఎక్స్ ఆర్10’ అని కొత్తగా కొడుతున్నారు. రేపు మూల 12 అయినా రాత 10 దగ్గరే ఉండిపోతుంది. కంట్రోల్ 1 నొక్కి ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడిలో ‘4ఎక్స్ <>’ అని కొట్టండి. <> ఉన్నచోట అసలు కొలత, ముందున్న ఆర్‌తో సహా, తనే వచ్చి కూర్చుంటుంది. డైమెన్షన్ స్టైల్లో ప్రిఫిక్స్ గడి ఉంది కదా అని 4ఎక్స్ అక్కడ పెట్టకండి. అది ఆర్‌ని మింగేస్తుంది, మూలమీద ఉత్త ‘4ఎక్స్ 10’ మిగులుతుంది.

చాంఫర్‌కి లీడరు గీసి చేత్తో రాసే అలవాటు నాకు నచ్చదు. నేను పొడవు వెంట ఉన్న భుజానికి లీనియర్ డైమెన్షన్ వేసి, ఓవర్‌రైడ్‌లో ‘2ఎక్స్ <> × 45’ కొట్టి, డిగ్రీ గుర్తు కోసం చివర రెండు శాతం గుర్తులు, డి పెడతాను. గీతని స్ట్రెచ్ చేస్తే (సాగదీస్తే) అంకె దానంతటదే మారుతుంది.

అభ్యాసం: రైస్ మిల్లు ఎలివేటర్ బూట్ షాఫ్టు. మధ్య 50 వ్యాసం. ఎడమ కొస 30, 6206కి. కుడివైపు 40, 6208కి. ఆ 40 దాటాక పుల్లీ కోసం 60 మి.మీ. పొడవున 35. కొసలు రెంటికీ, 40 భాగం కుడి అంచుకీ 1 × 45°. 50 భాగం అంచులకి 0.5 × 45°. లోపలి మూలలన్నిటికీ ఆర్0.8. వ్యాసాలు వేరైనా చాంఫర్ కొలత ఒకటే అయితే ఒకే లెక్కలోకి వస్తాయి. మిగతా పొడవులు మీ ఇష్టం. గీశాక కొసల చాంఫర్‌ భుజాలు స్ట్రెచ్ చేసి 1.5 చేయండి, 40 అంచుని 1 దగ్గరే వదిలేయండి. అప్పుడు లెక్కలు ఏమవుతాయో, కొస వ్యాసాలు ఎంతవుతాయో రాయండి. మొదటి షీటులో చాంఫర్లకీ ఫిల్లెట్లకీ కలిపి మూడు రాతలకి మించి కనబడితే తిప్పి పంపుతాను.