కారు ఏసీ ఒకసారి చల్లగా, ఒకసారి వేడిగా వస్తుంటే
మా పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఏసీ పొద్దున పూట వణికించేది. మధ్యాహ్నం అరగంట నడిపేసరికి ఉత్త గాలి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం బుద్ధిమంతురాలిలా పనిచేసేది. రెండుసార్లు గ్యాస్ నింపాడు, ఏమీ మారలేదు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. దాన్ని వెతక్కుండా నింపితే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

అందుకే ముందు ఒక చిన్న నోట్‌బుక్ బండిలో పెట్టుకోండి. ఏసీ మానేసినప్పుడల్లా రాయండి: బండి ఆగి ఉందా, పరుగులో ఉందా? స్టార్ట్ చేసి ఎంతసేపయింది? గాలి తగ్గిందా, లేక గాలి అంతే ఉండి చల్లదనం మాత్రమే పోయిందా?

ఆగితే వేడి, కదిలితే చల్లన అయితే కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే ముందు జాలీ) ఫ్యాన్‌ని చూడండి. ఏసీ వేశాక అది తిరుగుతోందా? కండెన్సర్ రెక్కల్లో దుమ్ము పేరుకుందా?

గాలే సన్నబడుతుంటే లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద మంచు గడుతోందేమో. ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రం 15-20 నిమిషాలు నడపండి. గాలి మళ్లీ జోరుగా వస్తే అనుమానం బలపడినట్టే. మొదట క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, తర్వాత ఎవాపరేటర్ సెన్సార్. గ్యాస్ తగ్గినా మంచు కట్టొచ్చు.

డ్యాష్‌బోర్డ్ వెనక టిక్ టిక్ మంటూ ఒకవైపే వేడి వస్తుంటే, అది వేడి, చల్ల గాలిని మళ్లించే తలుపును తిప్పే ఫ్లాప్ మోటార్ పని.

గాలి బాగానే ఉండి చల్లదనం పోయిందా? మాది ఇదే కథ. ఏసీ మానేసిన ఆ క్షణంలోనే బానెట్ ఎత్తాలి. ఇంజిన్ నడుస్తుంటుంది కాబట్టి చేతులు, చున్నీలు బెల్టుకి దూరంగా ఉంచండి. ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) తిరుగుతూ, దాని ముందున్న క్లచ్ ప్లేటు కదలకుండా ఉంటే, అయస్కాంతంతో ఆ రెంటినీ కలిపే క్లచ్ పట్టుకోలేదన్నమాట. (కొన్ని కొత్త కార్లలో క్లచ్చే ఉండదు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.) ఇంజిన్ వేడి ముల్లు పైకెక్కినా కంప్యూటరే కంప్రెసర్‌ని ఆపేస్తుంది, అదీ గమనించండి. తర్వాత, అదే నంబరున్న హారన్ రిలేని (కరెంటు కలిపి తెంపే చిన్న స్విచ్) ఏసీ రిలే స్థానంలో పెట్టి చూడండి.

అయినా పట్టుకోకపోతే మల్టీమీటర్ తీయండి. క్లచ్ కాయిల్ (అయస్కాంతమయ్యే తీగచుట్ట) కనెక్టర్ దగ్గర కరెంటు రాకపోతే వైరింగ్, గ్యాస్ ఒత్తిడి చూసే ప్రెషర్ స్విచ్ వైపు వెళ్లండి. స్విచ్‌ని డైరెక్ట్ చేసి (పక్కనపెట్టి వైర్లు నేరుగా కలిపి) బండి నడపొద్దు, కంప్రెసర్‌ని కాపాడేది అదే. మాకు మాత్రం 12 వోల్టులు నిక్షేపంగా వస్తున్నాయి. అంటే క్లచ్చే. ప్లేటు అరిగి, పుల్లీకీ దానికీ మధ్య గ్యాప్ పెరిగింది. కాయిల్ వేడెక్కితే అయస్కాంత బలం తగ్గి, అంత దూరం నుంచి లాగలేకపోయేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లాగేది. ఇంజిన్ ఆపి, సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో కొలిస్తే దాదాపు ఒక మిల్లీమీటరు! చాలా బండ్లలో ఇది సుమారు 0.3 నుంచి 0.6 మి.మీ. ఉంటుంది. సరైన అంకె మీ సర్వీస్ మాన్యువల్లో చూసుకోండి. ప్లేటు వెనకున్న పల్చటి షిమ్ (వాషర్ లాంటి రేకు) ఒకటి తీసేశాం, అంతే.

క్లచ్ తిరుగుతున్నా చల్లదనం లేకపోతే గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజ్‌లు పెట్టించాల్సిందే. కానీ ఏసీ మొరాయించినప్పుడే పెట్టించండి. చల్లారాక కొలిస్తే రీడింగులన్నీ బాగున్నట్టే కనిపించొచ్చు.