చిరాకు రోజుల్లో కృతజ్ఞతా ప్రార్థన: నా అనుభవం

చిరాకుగా ఉన్న రోజున దేవునికి కృతజ్ఞత ఎలా చెప్పాలని మా క్రైస్తవ సంఘంలో చాలామంది అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను. ఉద్యోగానికి రోజూ నల్గొండ నుంచి మిర్యాలగూడ వెళ్లివస్తాను. ఆలస్యమైన బస్సు, రాని నల్లా నీళ్లు, కాలిపోయిన మోటారు అన్నీ మనసులో పెట్టుకుని మోకరిస్తే, "వందనాలు ప్రభువా" అన్న మాట పెదవుల దగ్గరే ఆగిపోయేది.

మేలుల పట్టిక రాశాను, ఉపవాసం ఉన్నాను, ప్రార్థనను తెల్లవారుజాముకు మార్చాను. ఏదీ వారం దాటి నిలవలేదు.

దారి చూపింది బైబిల్లోని 13వ కీర్తన. ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండూ మొర, తర్వాతి రెండూ విన్నపం, చివరి రెంటిలోనే నమ్మకం, పాట. ఇన్నాళ్లూ నేను చివరి నుంచి మొదలుపెడుతున్నాను! ఆ వరుసే పట్టుకున్నాను. ముందు ఆ రోజు బాధించినది దాచకుండా చెప్పాను. తర్వాత ఒక్కటే అడిగాను. ఆపైన, చిరాకు కలిగిన చోటనే కంటపడిన ఒక మేలును వెతికాను. తిప్పర్తి దగ్గర బస్సు ఆగిపోయిన రోజు, ఎండలో నిలబడ్డ బాలింతకు కండక్టరమ్మ తన నీళ్ల సీసా ఇచ్చి, బిడ్డ ముఖానికి కొంగు అడ్డం పట్టింది. దానికే వందనం చెప్పాను. గొంతు పూడుకుపోయింది.

థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 5:18 కూడా ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెప్పమంటుంది, ప్రతి విషయం కోసమూ చెప్పమనదు. కాలిన మోటారుకు స్తుతి చెల్లించనక్కరలేదు. ఆ తేడా నాకెంతో ఊరట.

నావి చిన్న చికాకులు. బిడ్డను పోగొట్టుకున్నవారికి ఇది సరిపోతుందని అనలేను; వారు మొదటి రెండు వచనాల దగ్గరే చాలా రోజులు ఆగవలసి రావచ్చు. నేనూ కొన్ని రాత్రులు అక్కడే ఆగిపోతున్నాను.