బీజం దిగని పిల్లగాడికి కోత ఆపరేషనా, కెమెరా ఆపరేషనా?

నల్లగొండలో పిల్లల సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సును. ఓపీకి వచ్చే తల్లులు ఎక్కువగా అడిగేది ఒకటే: "సిస్టర్, కెమెరాతోని చేస్తెనే మంచిదంట గదా?" బీజం అంటే వృషణం, అది కింద సంచిలోకి దిగి ఉండాలి. దిగని బీజం చేతికి తగిలితే కోత, తగలకపోతే కెమెరా. చాలా మటుకు ఇంతే. ఖరీదును బట్టి ఎంచుకునేది కాదు.

ముందు ఇంట్లో చూడండి. గోరువెచ్చటి నీళ్లు పోసినంక ఒళ్లో కూర్చోబెట్టుకొని, అరచేతులు రుద్దుకొని, గజ్జల్లోంచి సంచి వైపు మెల్లగా వేలితో జరపండి. చలికి, భయానికి కొందరికి పైకి పోతుంది. కిందికి తెస్తే సంచిలో నిలిచిందంటే ఆపరేషన్ వద్దు, ఏడాదికోసారి చూపిస్తే చాలు. పుట్టగానే రెండు వైపులా తగలకపోతే మాత్రం ఆగకుండా అప్పుడే డాక్టరుకు చూపించాలి.

నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి ఇది ఉంటుంది. చాలామందికి మొదటి 6 నెలల్లో అదే దిగుతుంది, ఆ తర్వాత దిగడం అరుదు. 6 నెలలకు దిగకపోతే చూపించి, 18 నెలల లోపు ఆపరేషన్ చేయించాలి. "బడికి పోయే ఈడుకు అదే దిగుతది తియ్" అనే మాట దయచేసి వినకండి. లోపలి వేడికి బీజం దెబ్బతింటుంది, పెద్దయ్యాక పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు, క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది.

ఇలాంటి పిల్లల్లో పదిమందిలో ఎనిమిదిమందికి బీజం చేతికి తగులుతుంది. వాళ్లకు గజ్జల్లో చిన్న కోత, సంచి మీద ఇంకో చిన్న కోత పెట్టి, బీజాన్ని కిందికి తెచ్చి కుట్టేస్తారు. పక్కన హెర్నియా (పేగు జారే తిత్తి) ఉంటే అదీ అప్పుడే సరిచేస్తారు. ఎక్కువమంది అదే రోజు ఇంటికి పోతారు.

తగలనివాళ్లకు బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి కెమెరాతో పొట్ట లోపల చూస్తారు. దీనికి ముందు స్కానింగ్ మామూలుగా అవసరం లేదు, స్కాన్‌లో కనబడలేదంటే బీజం లేదని కాదు. లోపల బీజం ఉంటే కిందికి తెస్తారు. రక్తనాళం పొట్టిగా ఉంటే దాన్ని కత్తిరించి, దాదాపు 6 నెలలు ఆగి రెండోసారి దింపుతారు. ఈ పద్ధతిలో బీజం చిక్కిపోయే ప్రమాదం ఎక్కువ, సంతకం చేసేముందు ఆ మాట అడగండి. కొందరికి లోపల అసలు బీజమే ఉండదు. మత్తు ఇచ్చాక మళ్లీ చేత్తో వెతికితే ఒక్కోసారి తగులుతుంది, అప్పుడు కోతతోనే అయిపోతుంది. అందుకే రెండింటికీ ఒప్పుకోలు తీసుకుంటారు.

మత్తు రెండింటికీ పూర్తిగా ఇవ్వాల్సిందే. డబ్బా పాలు, అన్నం, బిస్కెట్ 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి. దేవరకొండ నుంచి పొద్దున బస్సెక్కేటప్పుడు ఏడుస్తున్నాడని బిస్కెట్ పెడితే ఆపరేషన్ వాయిదానే.

ఇంటికొచ్చాక రెండు వారాలు చంకనెత్తుకోకండి, కాళ్లు ఎడంగా పెట్టి ఎత్తుకుంటే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. మూడు చక్రాల సైకిల్ కూడా వద్దు. జ్వరం, చీము, పెరిగే వాపు కనబడితే వెంటనే రండి. ఆపరేషన్ అయిన నెలకు, తర్వాత 6 నెలలకు, ఏడాదికి చూపించండి. సంచిలో నిలిచిందా, సైజు తగ్గిందా అని చేత్తో చూసి చెప్తారు. ఎదిగేకొద్దీ మళ్లీ పైకి పోయే పిల్లలూ ఉంటారు.